జేబులో పురుగు

పోయిన కార్తీకంలో ఒక గుడికి వెళ్లాం. క్యూ మొదట్లోనే సెల్‌ఫోన్లు పెట్టే కౌంటరు. మా ముగ్గురి ఫోన్లు ఇచ్చి, డబ్బులు కట్టి, టోకెన్లు తీసుకుని నాలుగడుగులు వేశామో లేదో, సెక్యూరిటీ అబ్బాయి నా చొక్కా జేబు వైపు వేలు చూపించాడు.

"సార్, ఇంకో ఫోన్ ఉంది."

"ఇది ఫోన్ కాదు బాబూ."

చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముందున్న మూత తెరిచాడు. సిమ్ కోసం వెనక్కి తిప్పితే రెండు సన్న బ్యాటరీలు కనిపించాయి. "కెమెరా?" అన్నాడు. లేదన్నాను. "ఫోన్ కాదు, కెమెరా కాదు. మరేంటి సార్ ఇది?"

వెనకాల క్యూ ఆగిపోయింది. 'పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్' అనే మాట నోటిదాకా వచ్చింది గానీ ఆ కుర్రాడి మొహం చూసి మింగేశాను. "డైరీ లాంటిది" అన్నాను. "డైరీ అయితే పెన్నుండాలిగా సార్" అన్నాడు. పక్కనున్న గాడిలోంచి పుల్ల తీసి చూపించాను. దాంతో అతని అనుమానం రెట్టింపయింది. వెనకాల ఒక పెద్దావిడ "పాత కాలిక్యులేటరేమో, పోనియ్యి నాయనా" అని సిఫారసు చేసింది. అతను పోనివ్వలేదు. నాలుగో టోకెను కొనుక్కున్నాను.

దర్శనానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను దేవుణ్ని తలుచుకోలేదు, ఆ కుర్రాడి ప్రశ్ననే తలుచుకున్నాను. ఇన్నేళ్లు వాడిన వస్తువేంటో ఒక్క ముక్కలో చెప్పలేకపోయానే అని. ఈ పోస్టు ఆ జవాబు. ఒక్క ముక్కలో మాత్రం లేదు.

వస్తువు పేరు పామ్ ఎం105, పామ్ అనే కంపెనీ చేసిన జేబు డైరీ యంత్రం. 2001లో ఉద్యోగం పని మీద న్యూజెర్సీలో ఉన్నప్పుడు కొన్నాను. రంగుల్లేని తెర, అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 160 చుక్కలు. మెమరీ 8 ఎంబీ. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు వేస్తే మూడు నాలుగు వారాలు దాని సంగతి మర్చిపోవచ్చు. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, పాడదు, ఫొటో తీయదు. కింద నాలుగు బటన్లు: ఒకటి తేదీల పుస్తకం, ఒకటి చిరునామాలు, ఒకటి చేయాల్సిన పనులు, ఒకటి రాసుకోవడానికి ఖాళీ కాగితం. అంతే.

దాన్ని ఇంటికి తెచ్చిన కొత్తలో ఒక సాయంత్రం "అమ్మా, నా పామ్ ఎక్కడైనా చూశావా?" అని అడిగితే, కుర్చీలో కూర్చున్న మా అమ్మ రెండు కాళ్లూ పైకి లాక్కుంది. సంగతి అర్థమయ్యాక కూడా "దీపాలు పెట్టే వేళ ఆ పేరెత్తకురా" అని, తనే పేరు మార్చేసింది. పురుగు. రాత్రిపూట పాముని పురుగనే అంటారు కదా. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు అదే. "నీ పురుగు టీవీ మీద ఉంది", "పురుగుని చొక్కాతో పాటు నానబెట్టేసేదాన్ని, చూసుకోవద్దూ" లాంటి మాటలు కొత్తవాళ్లు వింటే ఏమనుకుంటారో మేం ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఫోను వీధిలో, డైరీ జేబులో

2002 మొదట్లో హైదరాబాదు తిరిగొచ్చాను. ఎస్సార్ నగర్లో అద్దె గది. సెల్‌ఫోను కొనలేదు. ఇన్‌కమింగుకి కూడా డబ్బులు పడే రోజులవి. అవతలివాడు మాట్లాడుతుంటే మన జేబు ఖాళీ అవడమేంటన్న పట్టుదల కొంత, డబ్బుల్లేకపోవడం కొంత. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక కూడా ఇంకో ఏడాది లాగించాను.

ఆ రెండేళ్లలో నా దగ్గర పురుగు ఉంది, ఫోను లేదు. ఫోను సందు చివర పసుపురంగు బోర్డున్న ఎస్టీడీ బూతులో ఉండేది. గాజు తలుపు వేసుకుని, జేబులోంచి పురుగు తీసి, పేరులో మొదటి రెండక్షరాలు గీస్తే నంబరొచ్చేది. దాన్ని చూసి నొక్కేవాణ్ని. ఎర్రంకెల మీటరు తిరిగేది. మాట్లాడి బయటికొస్తే చిన్న ప్రింటరు కిర్రుమని చీటీ కక్కేది. బూతాయన అందరి చేతుల్లో నలిగిన కాగితాలు చూసి చూసి, నా చేతిలో ఇది చూసి, మొదటి వారం నన్ను ఇన్‌కమ్ టాక్స్ మనిషి అనుకున్నాడట. తర్వాత చెప్పాడు.

ఆ ఏర్పాటులో ఒక సుఖం ఉందని అప్పుడు నాకు తెలీదు. అప్పుడు అది సుఖంగా కాక లోటుగానే అనిపించింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోంది: ఫోను నేను నడిచి వెళ్లే చోటు. పని చూసుకుని తిరిగొచ్చేసేవాణ్ని. డైరీ నాతో ఉండేది. లోకం నాతో మాట్లాడే గొట్టమూ, నేను నాతో మాట్లాడుకునే పుస్తకమూ వేరువేరుగా ఉండేవి. 2004లో ఫోను కొన్నాను. అందులో నంబర్లు దాచుకోవచ్చన్నారు, దాచుకున్నాను. అలారం ఉందన్నారు, పెట్టుకున్నాను. కొన్నేళ్లకి పురుగు సొరుగులోకి పోయింది. ఎప్పుడు పోయిందో తేదీ కూడా గుర్తు లేదు.

నా వాదన ఇంతే. డైరీని ఫోనులో కలిపేయడం నష్టం బేరం. కలిపినప్పుడు డైరీ ఫోనంత పెద్దదవుతుందనుకున్నాం, కానీ ఫోనే డైరీని మింగేసింది. నా జ్ఞాపకానికి ఒక అర ఉండాలి, అందులో ఇంకెవరూ ఏమీ పెట్టే వీలుండకూడదు. దీనికి వ్యతిరేకంగా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. సగం మా ఇంట్లోవాళ్లే చెప్పారు.

చెక్కముక్క

పామ్‌ని మొదట తలపెట్టిన జెఫ్ హాకిన్స్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. వస్తువు తయారు కాకముందే జేబులో పట్టే సైజులో చెక్కముక్క ఒకటి కోయించుకుని, చొక్కా జేబులో వేసుకు తిరిగాడు. మీటింగులో ఎవరైనా "మంగళవారం కుదురుతుందా?" అంటే చెక్కముక్క తీసి, పుల్లతో దానిమీద నొక్కి, తేదీ చూసినట్టు నటించేవాడు. పక్కవాళ్లు ఏమనుకున్నా సరే, రోజుకి ఎన్నిసార్లు బయటికి తీస్తున్నాడో, దేనికి తీస్తున్నాడో అలా తెలుసుకున్నాడు. 1996లో అది పైలట్ 1000, పైలట్ 5000 అనే పేర్లతో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే యాపిల్ వాళ్ల న్యూటన్ అనే చేతి యంత్రం వచ్చి, అందరి చేతిరాతా చదువుతానని మాటిచ్చి, తప్పులు చదివి నవ్వులపాలైంది. పైగా అది జేబులో పట్టదు.

హాకిన్స్ తన పోటీ కంప్యూటర్లతో కాదు, కాగితంతో అనుకున్నాడు. నాకు నచ్చేది ఈ లెక్క. కాగితంతో పోటీపడే వస్తువు తీయగానే తెరుచుకోవాలి, రాయగానే మూసుకోవాలి, మళ్లీ జేబులోకి పోవాలి. కాగితం మనల్ని పిలవదు. దాంతో పోటీపడే వస్తువూ పిలవకూడదు, నేను పెట్టుకున్న అలారానికి తప్ప. అదే టీవీతో, సినిమా హాలుతో, రచ్చబండతో పోటీపడే వస్తువైతే మనల్ని వదిలితే దానికే నష్టం. కాబట్టి వదలదు. నా చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోను తప్పు చేస్తోందని నేననను. అది పోటీపడుతున్నది వేరేవాళ్లతో.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాచను. హాకిన్సే తన మనుషులతో 1998లో బయటికొచ్చి హ్యాండ్‌స్ప్రింగ్ అనే కంపెనీ పెట్టి, ట్రియో అని ఫోనూ డైరీ కలిసిన యంత్రాన్ని తెచ్చాడు. చెక్కముక్క మోసినవాడే రెండింటినీ కలిపితే, నేనెవణ్ని విడదీయడానికి? దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వంటవాడికి నచ్చిందల్లా తినాలని రూలేం లేదు కదా అని సరిపెట్టుకుంటున్నాను.

దిద్దుకోవడం

పామ్‌లో రాత గ్రాఫిటీ. న్యూటన్‌లా నా రాత చదువుతానని అది అనలేదు. తనకి తెలిసిన రాత నన్ను నేర్చుకోమంది. ఇంగ్లీషు 'ఏ' కి మధ్య అడ్డగీత ఉండదు, డేరాలా గీసి వదిలేయాలి. 'టి' అంటే అడ్డగీత గీసి చివర కిందికి లాగడం. ఎడమ నుంచి కుడికి చిన్న గీత గీస్తే ఖాళీ. కుడి నుంచి ఎడమకి గీస్తే చెరిపివేత. అక్షరాలు పక్కపక్కన రాయక్కర్లేదు, ఉన్నచోటే ఒకదానిమీద ఒకటి గీస్తూ పోవాలి. పలక మీద బలపంతో ఒకే 'అ' ని లావెక్కేదాకా దిద్దినవాడికి ఇది కొత్తేం కాదు. పై నుంచి అక్షరాలు పడుతుంటే నేలకి తగిలేలోపు గీసే జిరాఫీ అనే ఆట కూడా ఇచ్చారు. నాలుగు రోజులు బస్సులో దిద్దాను, ఐదో రోజుకి చూడకుండా రాసేశాను. యంత్రం నా దగ్గర పాఠం నేర్చుకోకుండా నాకు పాఠం చెప్పిన ఆఖరి రోజులవి. ఇప్పటి ఫోను నన్ను రోజూ దిద్దుకుంటోంది. ఏ పూట ఏం చూస్తానో, ఎక్కడ ఆగుతానో దానికి కంఠతా వచ్చు.

కానీ పురుగుకి తెలుగు రాదు. ఇది చిన్న లోపం కాదు. యూనికోడ్ లేదు, తెలుగక్షరం చూపించదు. అందుకని రైస్ యూనివర్సిటీ కుర్రాళ్లు ఇంటర్నెట్ తొలిరోజుల్లో కట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసేవాణ్ని. అందులో చిన్న 'ఎల్' రాస్తే ల, పెద్ద 'ఎల్' రాస్తే ళ. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. గ్రాఫిటీలో పెద్దక్షరం కావాలంటే ముందు కింద నుంచి పైకి ఒక నిలువుగీత గీయాలి. అంటే 'కళ్యాణి' రాయాలంటే మధ్యలో రెండు నిచ్చెనలు ఎక్కాలి. బద్ధకమేసి కొన్నాళ్లకి ళ, ణ వదిలేశాను. ఇప్పుడు తీసి చదివితే నా పాత రాతలన్నీ పళ్లూడిన మనిషి మాట్లాడినట్టుంటాయి.

ఆ రోజుల్లోనే బెంగుళూరులో ఐఐఎస్సీ ప్రొఫెసర్లు కొందరు కలిసి సింప్యూటర్ రూపకల్పన చేశారు. మన భాషల్లో చదివి వినిపించే చేతి యంత్రం. ఊరివాళ్లు నలుగురు ఒకే యంత్రాన్ని పంచుకుంటూ, ఎవరి స్మార్ట్‌కార్డు వాళ్లు పెట్టుకుని ఎవరి సంగతులు వాళ్లు చూసుకోవచ్చని ఆలోచన. 2004లో బీఈఎల్ తయారీతో 'అమిడా' పేరుమీద బజారుకొచ్చింది కూడా. నిలబడలేదు. అప్పటికే చవక ఫోను ఊళ్లోకి వచ్చేసింది. దాన్ని నేను కొననూ లేదు. తెలుగు రాని పురుగుని జేబులో పెట్టుకుని, మన భాషలు వచ్చిన యంత్రం కోసం విచారించడంలో ఉన్న న్యాయమెంతో మీకే వదిలేస్తున్నాను.

చదివింపులు

పురుగు పక్షాన మాట్లాడేవాడిగా నేను దాచిపెట్టాల్సిన కథ ఒకటుంది. చెప్పేస్తాను.

2003 వేసవి. అమలాపురం దగ్గర పల్లెటూళ్లో మా చెల్లెలి పెళ్లి. చదివింపులు రాసే బల్ల దగ్గర కూర్చోమని నన్ను పురమాయించారు. మామూలుగా మా పెదనాన్న ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తాడు. ఫలానావారు, ఫలానా ఊరు, నూట పదహార్లు. నేను పుస్తకం అక్కర్లేదన్నాను. పురుగు తీశాను. మొత్తాలు అదే కూడుతుందా అని పెదనాన్న అడిగితే, కూడదు గానీ వెతికిపెడుతుందన్నాను. ఆయన ఏమీ అనలేదు. పుస్తకం మాత్రం లోపలికి పంపలేదు.

ముహూర్తం రాత్రి పదిన్నరకి. వెలుగు సరిపోక తెర వెనకాల ఆకుపచ్చ దీపం వేసుకుని రాయడం మొదలుపెట్టాను. తలంబ్రాలు అవగానే జనం ఒక్కసారి బల్ల మీద పడ్డారు. "నిమ్మకాయల వెంకట సుబ్బారావు, ముమ్మిడివరం, నూట పదహార్లు" అని ఆయన చెప్పేసి, డబ్బులు బల్లమీద పెట్టేసి, కవరు కింద పడితే తీసి, తాంబూలం అందుకుని కూడా నిలబడే ఉన్నాడు. నేనింకా సుబ్బారావు దగ్గరే ఉన్నాను. పెదనాన్న నా భుజం మీదుగా తొంగిచూసి, "ఒరేయ్, పేర్లు రాస్తున్నావా, ముగ్గులేస్తున్నావా?" అన్నాడు. వరసంతా నవ్వింది. అయినా పట్టు వదల్లేదు. ఇంటిపేర్లు ఎగరగొట్టి, ఊళ్లు పొడక్షరాల్లో వేసి, రెండొందల పైచిలుకు పేర్లు ఎక్కించాను. పెదనాన్న నా పక్కన స్టూలు మీద కూర్చుని, ఏమీ అనకుండా, తన పుస్తకంలో తను రాసుకుంటూ పోయాడు.

రాత్రంతా ఆ ఆకుపచ్చ దీపం బ్యాటరీలు తాగేసింది. మర్నాడు పొద్దున తెరమీద హెచ్చరిక. ఊళ్లో కిరాణా కొట్టుకెళ్లి బ్యాటరీలు అడిగాను. ఆయన పెన్సిల్ సెల్స్ తీసిచ్చాడు. ఇవి లావు, ఇంకా సన్నవి కావాలన్నాను. "ఎంత సన్నవండీ?" అన్నాడు. చూపిద్దామని పురుగులోంచి రెండు బ్యాటరీలూ ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని వెలుగులో పట్టి చూశాడు. వాళ్లబ్బాయిని పిలిచి చూపించాడు. రిమోట్లోవి అయ్యుంటాయని ఆ అబ్బాయి అన్నాడు. ఇద్దరూ కలిసి అరలన్నీ వెతికారు. "ఇంత సన్నవి మన దగ్గరుండవండీ, అమలాపురం వెళ్లాలండీ" అని ఎంతో మర్యాదగా తిరిగిచ్చారు.

ఎం105లో రాసిందంతా ర్యామ్‌లో ఉంటుంది. బ్యాటరీలు తీస్తే ఒక్క నిమిషం ఓపిక పడుతుంది, ఆ తర్వాత అంతా తుడిచేసుకుంటుంది. ఆ సంగతి దాంతో వచ్చిన పుస్తకంలో రాసే ఉంది, నేను చదివే ఉన్నాను. పాత బ్యాటరీలే మళ్లీ వేసి బటను నొక్కితే, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు, పుల్లతో ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అని గురి చూసుకోవడం మొదలుపెట్టింది. నిమ్మకాయలవారితో సహా అంతా పోయింది.

ఇంటికొచ్చి చెప్పాను. పెదనాన్న ఎర్ర పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. దెప్పలేదు. తర్వాతి పెళ్లికి మాత్రం "నువ్వు కూల్‌డ్రింకులు చూసుకో నాన్నా" అన్నాడు.

కాబట్టి కాగితం గొప్పదని ఎవరైనా అంటే నేను తలొంచుకుంటాను. మా నాన్న 1978 నాటి ఎల్‌ఐసీ డైరీ ఇప్పటికీ బీరువాలో ఉంది. పాల లెక్కలు, అరువు లెక్కలు, బస్సు వేళలు. దానికి బ్యాటరీ అక్కర్లేదు. అయినా నాకు కాగితం చాలలేదు, కారణాలు చిన్నవే. నా చేతిరాత నాకే అర్థం కాదు. కాగితంలో వెతకడం రాదు. నాలుగేళ్ల కిందట ప్లంబరు నంబరు ఏ పేజీలో రాశానో కాగితం చెప్పదు, పురుగు చెబుతుంది. అప్పట్లో అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న మా స్నేహితుడికైతే తెల్లకోటు జేబులో పామ్ లేకపోతే కాలూ చెయ్యీ ఆడేది కాదు. ఎపొక్రటీస్ అనే మందుల జాబితా అందులో వేసుకుని, రోగి మంచం పక్కనే డోసు చూసుకునేవాడు. పుస్తకమైతే కోటు జేబు చినిగేదని అనేవాడు.

మా అమ్మాయి వాదన

2020 లాక్‌డౌన్‌లో సొరుగులు సర్దుతుంటే పురుగు దొరికింది. బ్యాటరీలు వేస్తే బతికింది. లిథియం బ్యాటరీ ఉన్న తర్వాతి మోడళ్లలో ఇన్నేళ్లకి ఆ బ్యాటరీ చచ్చుంటుంది, మార్చి వేసుకునే బ్యాటరీల మీద నడిచే ఇది మాత్రం లేచి కూర్చుంది. అప్పట్నుంచీ మళ్లీ వాడుతున్నాను.

మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. "నాన్నా, దీనికోసం ఇంత హంగామా ఎందుకు? డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకో, నోటిఫికేషన్లు ఆపేసుకో, అయిపోయె" అంది. న్యాయమైన మాటే. ఒక నెల అలాగే చేశాను. చప్పుడైతే ఆగింది, చెయ్యి ఆగలేదు.

ఒక రోజు చెబుతాను. పొద్దున ఏడింటికి గ్యాస్ బుక్ చేయాలని గుర్తొచ్చింది. రాసుకుందామని ఫోను తీశాను. నోటిఫికేషన్లు లేవు, ఎవరూ పిలవలేదు. అన్‌లాక్ చేసేసరికి రాత్రి వదిలిన చోటు అలాగే తెరుచుకుంది: చుట్టాల వాట్సాప్ గ్రూపు. అందులో ఎవరిదో నిశ్చితార్థం ఫొటోలు. పెళ్లికూతురు మేనమామ ఎక్కడో చూసిన మనిషిలా ఉన్నాడు. ఎక్కడ? పాత ఫొటోలు వెతికాను. అందులో మా పాత స్కూటరు కనిపించింది. ఆ మోడలు ఇప్పుడెంతకి అమ్ముతున్నారో చూశాను. ఏడుంపావుకి ఫోను జేబులో పెట్టుకుని, చాలా పని చేసినవాడిలా లేచాను. ఆ శనివారం గ్యాస్ అయిపోయింది. పప్పు సగం ఉడికి ఉంది.

పురుగులో ఇదే పని ఎలా అవుతుందంటే, మూడో బటను నొక్కాలి, గ్యాస్ అని గీయాలి, మూత వేయాలి. అందులో పక్కదారి లేదు. మరీ మడి కట్టుకోను: పూర్వం మీటింగుల్లో దాంట్లో మైన్‌హంట్ తెగ ఆడాను. అయితే ఆట అయిపోతే అయిపోయేది, అది ఇంకో ఆటని చేతిలో పెట్టేది కాదు.

దీనికి అమ్మాయి అన్నది, "అయితే సమస్య ఫోనుది కాదు నాన్నా, నీది." నిజమే. నిగ్రహం ఉన్నవాడికి ఈ వ్యాసంతో పనిలేదు. మిఠాయి డబ్బా ఎదురుగా పెట్టుకుని ఉపవాసం ఉండగలిగేవాళ్లున్నారు. నేను డబ్బాని పైఅరలో పెట్టే రకం.

యాపిల్ కూడా కొన్నాళ్లు ఫోను లేని చేతి యంత్రం అమ్మింది, ఐపాడ్ టచ్. 2007లో మొదలుపెట్టి 2022లో ఆపేసింది. దాని గొంతులో సిమ్ లేకపోయినా వైఫై ఉంది. ఇంటర్నెట్ వచ్చిన చోటికి చుట్టాలూ వస్తారు. నాకు కావాల్సింది మాట్లాడలేని యంత్రం మాత్రమే కాదు, వినలేనిది కూడా.

పోపుల డబ్బా పక్కన

ఈ వాదనకి నిజమైన దెబ్బ మా ఆవిడ కొట్టింది.

పొద్దున్నే వాకింగుకి ఫోను ఇంట్లో వదిలేసి పురుగు పట్టుకెళ్లడం అలవాటు చేసుకున్నాను. దారిలో టీ కొట్టు. పది రూపాయల నోటిస్తే ఆయనకి బోలెడు సంతోషం, యాభై ఇస్తే "చిల్లర లేదు సార్, ఫోన్‌పే కొట్టండి" అంటాడు. అంతవరకూ తట్టుకున్నాను, చిల్లర ముందే సర్దుకుని వెళ్లేవాణ్ని. ఒక రోజు తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటాయన తాళంచెవి ఇస్తూ, మా అత్తగారు బాత్‌రూములో జారిపడ్డారని, మా ఆవిడ ఆటోలో వెళ్లిందని చెప్పాడు. దేవుడి దయ, ఎముక విరగలేదు. సాయంత్రం మా ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీకు ఏడుసార్లు చేశాను. నువ్వు చెంపకి పెట్టుకోవాల్సిన ఫోను పోపుల డబ్బా పక్కన మోగుతోంది" అంది. కాసేపాగి, "నీకు ప్రశాంతంగా ఉండటం కుదురుతోందంటే, నా ఫోను ఆన్‌లో ఉంది కాబట్టి" అంది.

ఆ మాటకి జవాబు కోసం చాలా రోజులు వెతికాను. దొరకలేదు, ఎందుకంటే అది నిజం. స్కూలు నుంచి, ఆస్పత్రి నుంచి, వాటర్ ట్యాంకరువాడి నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఎవరో ఒకరు ఎత్తాల్సిందే. నేను ఎత్తకపోతే అవి ఆగిపోవు, పక్కమనిషి మీద పడతాయి. స్విగ్గీ కుర్రాడు, డ్యూటీ నర్సు, ఒంటరిగా పిల్లాణ్ని పెంచుకునే మనిషి "నేను పొద్దున రెండు గంటలు దొరకను" అనలేరు. 2002లో నేను దొరకలేదంటే ఎవరూ దొరికేవాళ్లు కాదు, అందుకని అది తప్పయ్యేది కాదు. ఇప్పుడు అందరూ దొరికే కాలంలో నేనొక్కణ్నీ దొరక్కపోవడం అంటే వంతు ఎగ్గొట్టడమే.

అందుకని రాజీ పడ్డాను. వాకింగుకి ఫోను కూడా వస్తుంది, ప్యాంటు జేబులో, మా ఆవిడవీ అత్తగారివీ నంబర్లకి తప్ప మోగకుండా. చొక్కా జేబులో పురుగు. "అంటే నేను చెప్పిన డూ నాట్ డిస్టర్బే కదా నాన్నా" అని అమ్మాయి నవ్వింది. సగం అదే. రెండో సగం ఏంటంటే, రాసుకోవాలనిపించినప్పుడు నా చెయ్యి ఏ జేబులోకి పోతుందనేది.

హాట్‌సింక్

పురుగు లోకంతో కలవడానికి నేను వాడే తలుపు ఒక్కటే: కంప్యూటరుకి కేబులు పెట్టి హాట్‌సింక్ నొక్కడం, అంటే ఇందులో ఉన్నవీ అందులో ఉన్నవీ సరిచూసి కలిపేయడం. పెళ్లి దెబ్బ తర్వాత ఆ పని రోజూ చేసేవాణ్ని. ఇప్పుడు వారానికోసారి. పాత లాప్‌టాపులో లినక్స్, అందులో జె-పైలట్ అనే ప్రోగ్రాం, సీరియల్ కేబులుకి యూఎస్‌బీ తోక. టింగుటింగుమని చిన్న పాట పాడుకుని, ఒక్కో పుస్తకం పేరూ చదువుకుంటూ, అర నిమిషంలో అయిపోతుంది. ఆ అర నిమిషం తప్ప మిగతా వారమంతా అందులో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఫోను కూడా ఇదే పని చేస్తుంది, ఇంతకంటే బాగా చేస్తుంది, నన్ను అడగకుండా చేస్తుంది. తీసుకెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి పెడుతుంది కూడా.

మొన్న ఆదివారం హాట్‌సింక్ చేసి, పనిలోపని రాబోయే తేదీలు ఎక్కిద్దామని కూర్చున్నాను. అమ్మాయి ఆఖరి సంవత్సరం ఫీజు, నాన్న ఆబ్దికం, బండి ఇన్సూరెన్సు. అవన్నీ ఎక్కాయి. తర్వాత ఇంటి అప్పు చివరి వాయిదా, 2032 మార్చి. సంవత్సరం పక్కనున్న బాణం నొక్కుతూ పోయాను. 2029, 2030, 2031. అక్కడ ఆగిపోయింది. పామ్ ఓఎస్ కేలండరు 1904లో మొదలై 2031 డిసెంబరు 31తో అయిపోతుంది. తేదీలో సంవత్సరానికి అంత చోటే ఇచ్చారు, కట్టినవాళ్లు అంతకంటే ఎక్కువ అవసరమని అనుకుని ఉండరు. పుల్లతో ఇంకో రెండుసార్లు నొక్కి చూశాను.

ఆ ఒక్క వాయిదా మాత్రం ఫోనులో పెట్టాను. పెట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది.